ఇల్లు చూసి వచ్చినవారు

మొన్న మధ్యాహ్నం పక్కింటి కోడలు గాజుగ్లాసులో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎండలు ముదిరాయని సంతలో కొత్త కుండ కొన్నారట. "ఫ్రిజ్జు నీళ్లు మీకు పడవు గదా పెద్దమ్మా, ఇవి తాగి చూడండి" అంది. గ్లాసు నోటిదాకా తీసుకువెళ్లాను. తడిసిన పచ్చిమట్టి వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన ఇష్టం లేనివాళ్లు ఉండరేమో. నాకు మాత్రం అది తగిలితే చెవులు వేడెక్కుతాయి. ఎనభై దాటిన ముసలిదాన్ని, ఇప్పటికీ ఎవరో నా తప్పు పట్టుకున్నట్టు తల దించుకుంటాను. ఆ పిల్ల కంగారుపడి "నీళ్లు బాగాలేవా పెద్దమ్మా?" అని అడిగింది. "నీళ్లు బాగానే ఉన్నాయమ్మా, బాగాలేనిది నేను" అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఎస్తేరమ్మగారి గురించి రాయాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఆమె మంచితనం దగ్గర మొదలుపెట్టేదాన్ని. నా నిర్వాకం దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేదాన్ని. ఇలా లేచిపోవడం నాకు బాగా అలవాటు. ఇక లేచిపోయే ఓపిక కూడా లేదు కాబట్టి ఈసారి కూర్చునే రాస్తున్నాను.

యాభైలు వెళ్లిపోయి అరవైలు వస్తున్న రోజులవి. గూడూరు శివార్లలో ఒక పాత పెంకుటింట్లో ఆడపిల్లల ఆశ్రమం ఉండేది. ఇంటిపని ఇప్పిస్తామనీ, మిల్లులో చేరుస్తామనీ ఆశపెట్టి మా సముద్రపు పల్లెల నుంచి ఆడపిల్లలను మద్రాసుకు తీసుకుపోయి అమ్మేసేవాళ్లు కొందరుండేవారు. గూడూరులో రైలెక్కితే పూట తిరగకుండా మద్రాసు. అలా పోయినవాళ్లలో పోలీసుల కంటపడి కోర్టుకు వచ్చిన పిల్లలను, పుట్టింటివాళ్లు గడప తొక్కనివ్వకపోతే, మా ఆశ్రమానికి పంపేవారు. ఊరి పెద్దలు నలుగురు కలిసి కమిటీగా దాన్ని నడిపేవారు. నడిపేవారని రాశాను గాని, నడిపింది ఎస్తేరమ్మగారే. ఆమె మిషను బడిలో పంతులమ్మగా పనిచేసి, భర్త పోయాక ఆ ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చారు. పొట్టి మనిషి. తెల్లచీర, భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు. ఆ తువ్వాలుతో చెమట తుడుచుకునేవారు, పిల్లల ముక్కులు తుడిచేవారు, కమిటీ వాళ్లు వస్తే కుర్చీలు కూడా తుడిచేవారు.

మాది మనుబోలు దగ్గర ఒక ఊరు. వరిపొలాలున్న ఇల్లు. పదకొండో తరగతి పాసైన నాకు ఆ ఆశ్రమంలో సహాయకురాలి ఉద్యోగం వస్తే మా ఇంట్లో మూడు రోజులు అన్నాలు సరిగా తినలేదు. చివరికి మా నాయన ఒప్పుకున్నాడు గాని, అమ్మ ఒక షరతు పెట్టింది. ఇత్తడి మరచెంబు ఒకటి తోమి, మర మూత బిగించి నా చేతికిచ్చి, "ఏ ఇంటికన్నా పో, ఎవురితోనన్నా మాట్లాడు. నీళ్లు మాత్రం ముట్టబాక" అంది. నాకది పెద్ద షరతుగా తోచలేదు. పుట్టినప్పటి నుంచీ అలాగే పెరిగినదాన్ని. మొదటిరోజు ఎస్తేరమ్మగారు గ్లాసుతో మజ్జిగ ఇస్తే, కడుపులో బాగాలేదని చెప్పి పక్కకు పోయి నా చెంబులో నీళ్లు తాగాను. ఆమె చూశారు. ఆ మజ్జిగ ఆమే తాగేసి, "పిలకాయలు చానా మందికి చదవను రాదు సుశీలమ్మా, రేపటి నించి పలకలు పట్టించు" అన్నారు. అంతే.

ఆశ్రమంలో కొంతకాలం ఉన్నాక పెళ్లి చేసుకుంటామన్న పిల్లలకు సంబంధాలు చూసేవాళ్లం. అది ఆదర్శాల కాలం. కట్నం అక్కర్లేదు, పిల్ల గతం అక్కర్లేదు అంటూ మగపిల్లలు వచ్చేవారు. వాళ్లలో నిజంగా మంచివాళ్లుండేవారు. తేరగా పనిమనిషి దొరుకుతుందని వచ్చేవాళ్లూ ఉండేవారు. ఇంకొక రకం వాళ్లూ ఉండేవారు, వాళ్ల గురించే ఎస్తేరమ్మగారి భయం. ఒకసారి అమ్ముడైన పిల్లను పెళ్లి పేరుతో మళ్లీ తీసుకుపోయి అమ్మడం సులువు. పసుపుతాడు కట్టినవాడిని ఆపేదెవరు? కాబట్టి కమిటీ వాళ్లు అర్జీ చూసి, ఆధారం చూసి సరేనన్నా, ఆమె ఇల్లు చూడకుండా పిల్లను ఇచ్చేవారు కాదు. "నీ చెల్లెల్ని ఇచ్చేటప్పుడు మీ నాయన ఇల్లు చూసి రాడా? వీళ్లకు నాయనలు లేరు. మనం పోవాల" అనేవారు.

మా వైపు ఇల్లు చూడ్డమంటే పెద్దలు నలుగురు వెళ్లి, అరుగు మీద కూర్చుని, పొలం సంగతి, పశువుల సంగతి మాట్లాడి వస్తారు. ఎస్తేరమ్మగారి పద్ధతి వేరు. "అరుగు అందరికీ చూపించేదేనమ్మా. పైన పటారం లోన లొటారం" అని నేరుగా వంటింట్లోకి పోయేవారు. మంచినీళ్లు అడిగేవారు. తాగేవారు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఆ ఇంటి ఆడవాళ్లతో మాట్లాడేవారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమంటారు గదా, ఈమె పొయ్యిని చూసి ఇంటిని చూసేవారు. రోజూ వండే పొయ్యికి మసి ఉంటుంది, అలుకు ఉంటుంది, పక్కన సగం కాలిన కట్టె ఉంటుంది. అలా చూసి వచ్చాక ఆశ్రమం పుస్తకంలో పిల్ల పేరు, పెళ్లికొడుకు పేరు, ఊరు రాసి, చివరి గడిలో, "ఇల్లు చూసి వచ్చినవారు" అన్నచోట తన పేరు రాసేవారు.

కోట దగ్గర ఒక ఊరికి నన్ను వెంట తీసుకువెళ్లారు. పెళ్లికొడుకు పంచాయతీ బావి దగ్గర మోటారు నడిపే ఉద్యోగి. ఇల్లు శుభ్రంగా ఉంది. అత్తగారు కాబోయే ఆమె చెంబు నిండా నీళ్లు, బెల్లంముక్క తెచ్చింది. ఎస్తేరమ్మగారు తాగి, వంటిల్లు చూసి, పెరటి తలుపు దగ్గర ఆగారు. బయటివైపు చూరులో ఒక సొట్టలుపడిన తగరపు కంచం దోపి ఉంది.

"ఆ కంచం ఎవురిదమ్మా?"

"వచ్చే పిల్లకు. మేం అందరం ఒకే చోట తింటాం గదా, ఆ పిల్ల అట్టాంటి చోట ఉండొచ్చినాది. ఒక ఏడాది పోనీ, అలవాటయినాక లోపలికి రానిస్తాం" అంది ఆమె, చాలా మంచిగా.

ఎస్తేరమ్మగారు తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "మీ కంచం బాగుండాది. మా పిల్ల మాత్రం ఈడికి రాదు" అని చెప్పి బయటికి నడిచారు. బస్సు కోసం ఎండలో గంటసేపు నిలబడ్డాం. ఆమెకు చాలా కోపం వచ్చింది. నాకూ వచ్చింది. "ఎంత అన్యాయమమ్మా, మనిషికి వేరే కంచమా?" అని పళ్లు నూరాను. ఆ మాట అంటూనే సంచిలోంచి మరచెంబు తీసి, మూత తిప్పి, నా నీళ్లు నేను తాగాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఎస్తేరమ్మగారు నా చెంబు వైపు ఒకసారి చూసి, "బస్సు వచ్చేట్టుండాదే" అన్నారు.

ఆ తరువాత సంవత్సరం చెంగమ్మ వచ్చింది. కోటకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లె. గాలివానలో తండ్రి, పడవ రెండూ పోయాయి. తెలిసినామె ఒకతి మద్రాసులో ఇంటిపని అని తీసుకుపోయింది. అక్కడ ఏం జరిగిందో నేను రాయను. అది ఆ పిల్ల చెప్పుకోవలసింది, నేను కాదు. పోలీసులు విడిపించి మా దగ్గరికి పంపేనాటికి పంతొమ్మిదేళ్లు. మొదట రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకునేది. ఎస్తేరమ్మగారు రోజూ మధ్యాహ్నం చాట ఒళ్లో పెట్టుకుని దాని పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేవారు. ఒకరోజు చెంగమ్మే ఇటు తిరిగి, "ఏందమ్మా, సగం రాళ్లు వదిలేస్తుండావు" అని చాట లాక్కుంది. ఆ తరువాత ఇక ఆశ్రమంలో దాని గొంతే వినిపించేది. నవ్వితే వీధిలోకి వినబడేది. నన్ను "అక్కా, అక్కా" అని కొంగు పట్టుకుని తిరిగేది. దానికి ఒకటే కోరిక. "నా పొయ్యి నేనే మెత్తుకుంటా అక్కా. ఎవురి పొయ్యి ముందరో కూచోను. నాదే ఉండాల."

రెండేళ్లకు దానికి సంబంధం వచ్చింది. శీనయ్య అని, తాపీ పనివాడు. ముప్పై లోపే. తల్లి ఒక్కతే ఉందన్నాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు, కమిటీ అధ్యక్షులుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాగితాలన్నీ తెచ్చాడు. కమిటీ వాళ్లకు తెగ నచ్చాడు. ముహూర్తం కూడా వాళ్లే పెట్టేశారు, ఫొటో తీసేవాడికి కబురు కూడా పంపారు. ఇల్లు చూడటం ఒక్కటే మిగిలింది. అప్పుడే ఎస్తేరమ్మగారికి జ్వరం పట్టుకుంది. వారమైనా వదల్లేదు, కాళ్లు వాచాయి. నన్ను మంచం దగ్గరికి పిలిచారు.

"నువ్వు పోయి రా సుశీలమ్మా. చిల్లకూరు కాడ దిగి కాలవగట్టు మీద పోవాల. నాతో ఇన్ని ఇండ్లు చూసినావు గదా. లోపలికి పో. నీళ్లు తాగు. పొయ్యి చూడు."

వీధి గుమ్మం దగ్గర చెంగమ్మ పట్టుకుంది. "అక్కా, పొయ్యి ఏ దిక్కున ఉండాదో చూసి రా. పాతదయితే నేను పోతానే పడగొట్టి కొత్తది మెత్తుకుంటానని చెప్పు ఆ ముసలమ్మకు."

బస్సు దిగి రెండు మైళ్లు నడిచేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఊళ్లో అందరూ పొలాలకు పోయినట్టున్నారు, వీధిలో మనిషి లేడు. ఆ ఇల్లు ఊరి చివర, తాటాకుల ఇల్లు. వాకిట్లో ముగ్గు ఉంది. అరుగు ఎర్రమట్టితో అలికి ఉంది. ముసలమ్మ ఎదురొచ్చి చాప వేసింది. "ఎండన పడి వచ్చినావు తల్లీ, లోపలికి రా, మంచినీళ్లు తాగు" అంది. ఒకసారి కాదు, రెండుసార్లు పిలిచింది. నేను పోయి ఉంటే ఏం చేసేదో తెలియదు గాని, పోనని నన్ను చూసిన మరుక్షణం దానికి తెలిసే ఉంటుంది. నా చీర, నా మాట, నా చేతిలో చెంబు చాలవూ? గడపకు ఇవతల నిలబడ్డాను. లోపల చీకటిగా ఉంది. ఎండలోంచి చూస్తే ఏమీ కనబడలేదు. ఆ చీకట్లోకి కాలు పెడితే ఆమె నీళ్లు ఇస్తుంది. ఇస్తే తాగాలి. తాగనంటే బాగుండదు. ఇదంతా ఒక్క క్షణంలో లెక్కవేసుకుని, "వద్దులేమ్మా, నేను తెచ్చుకున్నా" అని మరచెంబు చూపించాను. అరుగు మీద నా తువ్వాలు పరుచుకుని కూర్చుని, కొడుకు సంగతి నాలుగు మాటలు అడిగాను. ముసలమ్మ పొల్లు పోకుండా చెప్పింది. మంచిదానిలా ఉంది అనుకున్నాను. రెండింటి బస్సు దొరుకుతుందని లేచాను.

ఎస్తేరమ్మగారు జ్వరంలోనే అడిగారు. "పొయ్యి చూసినావా?"

"చూసినానమ్మా."

"నీళ్లు తాగినావా?"

"తాగినాను."

"ఎట్టుండాయి?"

"చల్లగా ఉండాయి" అన్నాను. అబద్ధం కాదు. నా చెంబులో నీళ్లు చల్లగానే ఉన్నాయి. చూడండి, ఆ సమయంలో కూడా నా బుద్ధి ఎంత చక్కగా పనిచేసిందో. ఆమె కళ్లు మూసుకుని, "అయితే సరే" అన్నారు. చెంగమ్మ బయటే కాచుకుని ఉంది. "ఏ దిక్కున ఉండాదక్కా?" "తూర్పు మూల" అన్నాను. అన్ని ఇళ్లలోనూ దాదాపు అక్కడే కదా ఉండేది. అది చప్పట్లు కొట్టింది.

పెళ్లి బాగా జరిగింది. జ్వరం తగ్గీ తగ్గకముందే ఎస్తేరమ్మగారు లేచి వచ్చి తల్లి స్థానంలో నిలబడ్డారు. ఆమెది వేరే మతమైనా, ఆ పిల్ల పద్ధతి ప్రకారం ఒడిలో బియ్యం, కొబ్బరికాయ, పసుపుకొమ్ములు పోశారు. ఫొటో తీశారు. పదహారో రోజు పండుగకు కూతురూ అల్లుడూ రావాలి గదా, ఆరోజు తెల్లవారుజామునే లేచి ఎస్తేరమ్మగారు పాయసం చేయించారు. పిల్లలంతా వాకిట్లో కూర్చున్నారు. బస్సులు వచ్చాయి, పోయాయి. పాయసం చల్లారి గడ్డకట్టింది. సాయంత్రం నాలుగింటికి ఆమె చెప్పులు వేసుకుని, "నడు సుశీలమ్మా" అన్నారు.

ఇల్లు ఖాళీగా ఉంది. తలుపు గడియ కూడా పెట్టలేదు. పక్కపొలంలో పనిచేసుకుంటున్న మనిషి వచ్చి, ఆ ఇల్లు తనదేననీ, ఎవరో నెలరోజులకు అడిగితే ఇచ్చాననీ, పెళ్లయిన మూడోరోజే వెళ్లిపోయారనీ చెప్పాడు. ముసలమ్మ ఎవరో అతనికీ తెలియదు. ఎస్తేరమ్మగారు లోపలికి వెళ్లారు. ఆమె వెనక నేనూ ఆ గడప దాటాను, మొదటిసారి. వంటింట్లో పొయ్యి లేదు. తూర్పు మూలా లేదు, ఏ మూలా లేదు. గోడ పక్కన మూడు ఇటుకలు పెట్టి ఉన్నాయి, అంతే. గోడకు మసి లేదు. ఆమె గోడ మీద వేలితో గీసి, వేలు చూసుకున్నారు. తెల్లగా సున్నం అంటుకుంది. ఆ వేలు అలాగే పట్టుకుని నావైపు తిరిగారు.

"నువ్వు ఈ గడప దాటినావా?"

"దాటలేదమ్మా."

కాళ్ల మీద పడబోయాను. రెక్క పట్టుకుని ఆపేశారు. "ఇప్పుడు ఏడ్చే పని లేదు. ఎతికే పని ఉండాది. ఫొటో ఎవురి కాడ ఉండాది?" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. కొట్టి ఉంటే బాగుండేది.

మరుసటి రోజే ఫొటో పట్టుకుని మద్రాసు వెళ్లారు. పోలీసు స్టేషన్లు, అక్కడి ఆశ్రమాలు, ఆసుపత్రులు. ప్రతి పదిరోజులకూ ఒకసారి వెళ్లి కాళ్లు వాచి వచ్చేవారు. ఈలోగా కమిటీ కూర్చుంది. ఫొటో దిగినవాళ్లందరికీ ఇప్పుడు ఒక దోషి కావాలి. అధ్యక్షులుగారు పుస్తకం తెమ్మన్నారు. పుస్తకం తేవడానికి లోపలికి వచ్చిన ఎస్తేరమ్మగారు చెంగమ్మ పేరున్న వరుస తెరిచారు. జ్వరంలో ఉండటంతో చివరి గడి ఖాళీగా వదిలేసి ఉంది. నా కళ్లముందే కలం తీసి, అందులో తన పేరు రాశారు. నేను నోరు తెరిచేలోపల, "నీ పేరు రాస్తే నిన్ను పంపించేస్తారు. మీ ఇంట్లో కూచోని ఏడుస్తావు. నాకు ఏడ్చేవాళ్లతో పని లేదు, ఇల్లు చూసేవాళ్లు కావాల" అన్నారు. ఆగి, ఇంకో మాట అన్నారు. "నీ చెంబు మొదటి దినం నించి చూస్తానే ఉండా. చూసి గూడా నిన్నే పంపించినా. తప్పులో నాకూ పాలుండాది."

ఆ సభలో నేను గోడవారన నిలబడి ఉన్నాను. అధ్యక్షులుగారు ఆమెను నిలబెట్టి అరగంట అడిగారు. పొయ్యి లేని ఇంటికి పిల్లను ఎలా ఇచ్చావన్నారు. మతం వేరు గదా, నీకేం బాధలే అని ఒకాయన సణిగాడు. ఆమె తువ్వాలు మడత పెట్టుకుంటూ, "పొరపాటు నాదే బాబూ" అని ఒకటే సమాధానం చెప్పారు. నేనూ ఇవాళ చెబుతాను, ఇప్పుడు చెబుతాను అనుకుంటూ నిలబడ్డాను. చెబితే ఉద్యోగం పోతుంది, మా నాయన తీసుకుపోయి ఎవరికో కట్టబెడతాడు. ఇంతేనండీ నా భయం. అటు చెంగమ్మ ఎక్కడుందో తెలియదు, ఇటు ఈమెను దొంగను చేసి నిలబెట్టారు. నేను నా పెళ్లి గురించి భయపడుతూ నిలబడ్డాను. ఆ పూట నుంచి సంబంధాలు చూసే అధికారం ఆమెకు తీసేశారు. ఇల్లు చూసే పని నాకు అప్పగించారు. చదువుకున్న అమ్మాయి, జాగ్రత్తపరురాలు అని అధ్యక్షులుగారు నన్ను మెచ్చుకున్నారు. నేను నమస్కారం కూడా పెట్టాను.

ఎనిమిది నెలలకు చెంగమ్మ దొరికింది. ఎస్తేరమ్మగారు ఫొటో ఇచ్చి వచ్చిన ఒక స్టేషనులో ఎవరో గుర్తుపట్టారు. ఆ పిల్లను అడిగితే, "గూడూరులో ఎస్తేరమ్మని మా అమ్మ ఉండాది" అని చెప్పిందట. ఆమె వెళ్లి తీసుకువచ్చారు. నేను రైలు దగ్గరికి వెళ్లాను. చెంగమ్మ దిగింది. సన్నబడింది, జుట్టు కత్తిరించి ఉంది. ఎస్తేరమ్మగారు జట్కా మాట్లాడటానికి బయటికి వెళుతూ, "మీరిద్దరూ ఆ బల్ల మీద కూచోండి" అన్నారు. కావాలనే వెళ్లారని నాకు ఇప్పటికీ అనుమానం.

చెంగమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మరచెంబు మూత తీసి ఇచ్చాను. అది ఎప్పటిలాగే దోసిలి పట్టింది, పైనుంచి పోస్తానని. రెండేళ్లు నేను దానికి అలాగే పోశాను. "చెంబు తీసుకో చెంగమ్మా, ఎత్తుకోని తాగు" అన్నాను. అది చెంబు వైపు, నా వైపు చూసింది. తీసుకోలేదు. దోసిలి పట్టే తాగింది. తాగి, పమిటతో మూతి తుడుచుకుని, ఏదో ఊరి కబురు చెప్పినట్టు చెప్పింది.

"ఆ ఇంట్లోకి పోతానే చూసినానక్కా. పొయ్యి లేదు. నువ్వు తూర్పు మూల అన్నావు గదా, ఆ మూల చూసినా. నీళ్లు ముంచుకోని తాగినా. కొత్తకుండ. పచ్చిమట్టి వాసన. తల్లీకొడుకులు ఎప్పటి నించో ఉండే ఇల్లన్నారు, పాతకుండ ఒకటి గూడా లేదు. నాకు అనుమానం వచ్చినాది. అప్పటికింకా చీకటి పడలా. వాకిలి తెరిచే ఉండాది. కాలవగట్టు మీద పరిగెత్తింటే చిల్లకూరుకు పోయుంటాను. కానీ అక్క చూసొచ్చినాది గదా, అక్కకు తెలీదా అనుకోని గమ్మున కూచున్నా."

నేను అప్పుడు చెప్పాను. లోపలికి పోలేదని, నీళ్లు తాగలేదని, తూర్పు మూల అన్నది అబద్ధమని. ఎందుకు తాగలేదో చెప్పనవసరం లేకపోయింది. అది నా చేతిలో చెంబునే చూస్తోంది. "తాగింటే తెలిసుండును గదా" అంది. "తెలిసుండును" అన్నాను. "సరే" అంది. జట్కా వచ్చింది. ఎక్కేటప్పుడు నేను చెయ్యి ఇస్తే, "నేను ఎక్కుతాలే సుశీలమ్మగారూ" అంది.

ఆ తరువాత అది పందొమ్మిదేళ్లు ఆ ఆశ్రమంలోనే వంట చేసింది. వచ్చిన నెలలోనే పాత పొయ్యి పడగొట్టి, తన చేతులతో కొత్తది మెత్తుకుంది. నాతో బాగానే ఉండేది. జ్వరమొస్తే కషాయం పెట్టేది. నేను రోజూ దాని కుండలో నీళ్లే, దాని గ్లాసుతోనే తాగేదాన్ని. మరచెంబు మా ఊరికి పంపేశాను. మళ్లీ ఒక్కసారైనా అక్కా అంటుందేమోనని పందొమ్మిదేళ్లూ చెవులు రిక్కించుకుని ఉన్నాను. అనలేదు. అందరినీ అక్కా, అన్నా, పెద్దమ్మా అని పిలిచే మనిషి, నన్ను ఒక్కదాన్నే గారూ అని మర్యాదగా పిలిచింది.

చెంగమ్మ తిరిగి వచ్చాక ఎస్తేరమ్మగారు నాలుగేళ్లే ఉన్నారు. నేను ఇల్లు చూడటానికి బయలుదేరే ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చేవారు. పోయేముందు నెలలో ఒకరోజు, "కమిటీ వాళ్లతో చెప్పేస్తానమ్మా" అన్నాను. ఆమె నవ్వారు. "నాకోసరం చెప్పబాక. నీకు తోచిననాడు చెప్పు" అన్నారు. తోచేలోపల అధ్యక్షులుగారు పోయారు, ఒక్కొక్కరే అందరూ పోయారు. నేను నూటికి పైగా ఇళ్లు చూశాను. ప్రతి ఇంట్లోనూ వంటింటిదాకా పోయి, వాళ్ల గ్లాసుతో వాళ్ల నీళ్లు తాగాను. ఎన్నో సంబంధాలు వద్దన్నాను. పొయ్యి దగ్గర కూర్చుని చూసే కన్ను ఆమె నాకు ఇచ్చిందే. ఎవరైనా నన్ను పొగిడితే ఆ మాట చెప్పేదాన్ని. ఆ కన్ను ఎవరి ఖర్చు మీద వచ్చిందో మాత్రం చెప్పేదాన్ని కాదు.

పక్కింటి పిల్ల ఇచ్చిన గ్లాసు ఖాళీ చేసి, తిరిగి ఇవ్వడానికి వాళ్ల వంటింటిదాకా నేనే వెళ్లాను. తరువాత వచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. ఆశ్రమం ఇప్పుడు లేదు. ఆ పుస్తకం ఏ బీరువాలో చెదలు తింటోందో తెలియదు. ఎక్కడున్నా సరే, చెంగమ్మ పేరున్న వరుసలో, ఇల్లు చూసి వచ్చినవారు అన్నచోట, ఎస్తేరమ్మ అని ఉంటుంది. అది తప్పు. ఆమె మంచంలో ఉన్నారు. వెళ్లింది నేను. చూడలేదు.